కాలువకు ముందటి పిట్టలు

ఒక రోజు కొండల్లో తిరిగి పక్షులు చూసి రావాలనుకునే తెలుగువాళ్ళు నల్లమల పేరు చెబుతారు, హార్స్‌లీ కొండల పేరు చెబుతారు. రాయచూరు పేరు ఎవరి నోటా రాదు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న ఈ దోఆబు ఎండకు పేరు మోసిన సీమ. అడవి నామమాత్రం, పర్వతశ్రేణి అనదగ్గది అసలు లేదు. ఉన్నవల్లా చదునైన నేల మీద ఉన్నట్టుండి లేచి నిలబడిన రాతి గుట్టలు. రాయచూరు కోట గుట్ట, మస్కి గుట్ట, ముద్గల్ చుట్టుపక్కల బండలు, లింగసుగూరు వైపు పిక్లిహాళ్ రాళ్ళు, కృష్ణ ఒడ్డున జలదుర్గం. ఇటు చూస్తే తుంగభద్ర ఎడమ కాలువ కింద సింధనూరు, మాన్వి ప్రాంతాల్లో కనుచూపు మేర వరిమళ్ళు, వాటి నిండా తెల్లటి కొంగలు. కాబట్టి పక్షుల కోసం ఈ జిల్లాకు వచ్చేవాళ్ళు కాలువ గట్టు పట్టుకు పోతారు. నేను చెప్పేది దీనికి ఎదురు. ఈ జిల్లాలో పక్షుల గతం తెలుసుకోవాలంటే కార్తిక మాసంలో గుట్ట ఎక్కాలి. మైదానం మీది పక్షుల పొందికను మనిషి 70 ఏళ్ళలో దాదాపుగా తిరగరాశాడు, నదినీ మార్చాడు. కాలువ రాక ముందటి రాయచూరు ఎంతో కొంత మిగిలి ఉన్నది బండల సందుల్లోనే.

కార్తికమే ఎందుకంటే ఆ నెలలో ఈ నేల మీద రెండు పనులు కలిసి వస్తాయి. వానలు వెనుదీసి ఉంటాయి, గుట్ట మీది రేగు, బలుసు, పరికి తుప్పలకు ఆకు ఇంకా రాలి ఉండదు. కింద నల్లరేగడిలో రబీ జొన్న మోకాలెత్తు లేస్తుంటుంది. ఇదే అదనులో ఉత్తరాది నుంచి వలస పక్షులు దిగుతాయి. మధ్య ఆసియా గడ్డిమైదానాల నుంచి వచ్చే పిల్లిగద్దలు చేల మీదుగా నేలకు ఆనినట్టు ఎగురుతాయి. హిమాలయాల్లో, వాటికి పడమటి కొండల్లో వేసవి గడిపిన నీలిరంగు బండపిట్ట దక్షిణాది రాళ్ళ మీద ఒక్కో రాయికి ఒక్కటిగా చలికాలమంతా కాపురముంటుంది. గుట్టనే నమ్ముకుని ఏడాదంతా ఉండే పెద్ద గుడ్లగూబలు చలి మొదలయ్యే వేళకు జత కట్టి, సందె చీకట్లో రాతి అంచు మీద కూర్చుని ఒకదానికొకటి బదులు పలుకుతాయి. వేసవిలో ఇవే బండలు పెనంలా కాలుతాయి, మనిషీ ఎక్కలేడు, పిట్టా కదలదు. భారత పక్షిశాస్త్రానికి పెద్దదిక్కయిన సాలిం అలీ పుట్టింది 1896 నవంబరు 12న. ఆ తేదీని దేశమంతటా పక్షి వీక్షణ దినంగా జరుపుకోవడం దక్కనులో సరిగ్గా ఈ అదనులోనే పడటం కాకతాళీయమే గానీ, మంచి కాకతాళీయం.

గుట్టలకు అంత పాత చరిత్ర ఎక్కడిదని అడిగితే, మొదటి సాక్ష్యం బూడిద. దక్షిణ దక్కనులో కొత్తరాతియుగపు పశుపాలకులు పేడను పోగు చేసి కాల్చిన బూడిద దిబ్బలు లింగసుగూరు ప్రాంతంలోనూ, కృష్ణకు అవతల పాలమూరు ఉట్నూరులోనూ, తుంగభద్రకు అవతల బళ్ళారి కుడితినిలోనూ దొరికాయి. పురావస్తు శాస్త్రవేత్త ఎఫ్. ఆర్. ఆల్చిన్ ఉట్నూరు దిబ్బను 1957లో తవ్వి అది పశువుల దొడ్డి అని నిరూపించాడు. పిక్లిహాళ్ తవ్వకాల నివేదికను 1960లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే పురావస్తు గ్రంథమాలలో మొదటి సంపుటంగా అచ్చువేసింది. అప్పటికి ఆ ఊరు మైసూరు రాష్ట్రంలోకి వెళ్ళి నాలుగేళ్ళయింది, అది వేరే సంగతి. అక్కడి బండల మీద మూపురపు ఎద్దుల బొమ్మలున్నాయి. దీన్ని బట్టి తేలేదేమంటే ఈ గుట్టల కింద 4 వేల ఏళ్ళకు పైగా మందలు మేస్తున్నాయి. ఇప్పుడు మనం బంజరుగా చూస్తున్న ముళ్ళపొద, పొట్టిగడ్డి, బండ కలిసిన నేల నిన్న మొన్న అడవి నరికితే మిగిలిన శిథిలం కాదు. మందలతో పాటు పెరిగిన పాత నేల అది. అందులో బతికే కౌజు, పూరేడు, నల్లంచి, పికిలి ఆ నేలకు తగిన పిట్టలే. దట్టమైన అడవిని మాత్రమే ప్రకృతి అనుకునే అలవాటు మనకు తర్వాత వచ్చింది, అటవీ శాఖల లెక్కల పుణ్యమా అని.

రెండో సాక్ష్యం మస్కి. బంగారం జాడ వెతుకుతూ వచ్చిన గనుల ఇంజనీరు సి. బీడన్ 1915లో అక్కడి గుట్ట బండ మీద అశోకుని శాసనాన్ని కనుగొన్నాడు. దేవానాంప్రియ బిరుదుతో పాటు అశోకుడన్న పేరు విడిగా రాసి ఉన్న శాసనంగా అది ప్రపంచ ప్రసిద్ధమైంది. అదే చక్రవర్తి ఉత్తరాదిన నాటించిన స్తంభాల మీది ఐదో శాసనంలో, పట్టాభిషేకమైన 26 ఏళ్ళకు, చంపకూడని ప్రాణుల పట్టిక చెక్కించాడు. అందులో చిలుక ఉంది, గోరింక ఉంది, చక్రవాకం, హంస ఉన్నాయి. ఆ పట్టిక మస్కి బండ మీద లేదు కాబట్టి దాన్ని రాయచూరుకు అంటగట్టను. కానీ రాజ్యమేలే మనిషి పిట్టలను పేరుపేరునా వేరు చేసి చూడటం అన్నది ఈ దేశంలో ఎంత పాతదో దాని వల్ల తెలుస్తుంది. పక్షులను చూసే వ్యాపకం తెల్లదొరల బైనాక్యులర్‌తో మొదలైందనే మాట వినపడినప్పుడల్లా ఆ పట్టికను తలచుకోవచ్చు.

మధ్యయుగానికి వస్తే గుట్టల మీద కోటలు లేచాయి. రాయచూరు కోట గోడలో 41 అడుగులకు పైగా పొడవున్న ఒకే రాతి మీద తెలుగు శాసనం ఉంది. కాకతీయ సామంతుడు గోన గన్నారెడ్డి ఆజ్ఞతో విఠలుడు ఆదోని, తుంబళం, మాన్వి, హాల్వి దుర్గాలు పట్టి, 1294లో ఈ కోట కట్టించిన వైనం అందులో చెప్పారు. ఆ రాతిని బండి మీద కట్టి దున్నపోతులు వరుసగా లాగుతున్న దృశ్యాన్నీ గోడ మీదే గీశారు. గుట్టను పగలగొట్టి రాయి తీయడం ఇక్కడ 700 ఏళ్ళ కిందటి పని అన్నమాట. ఈ సంగతి నా వాదనకు అడ్డొస్తుందని తెలుసు, కిందికి వచ్చాక జవాబు చెబుతాను. ఈ కోట కోసమే 1520లో కృష్ణదేవరాయలు బిజాపురం సుల్తాను ఇస్మాయిల్ ఆదిల్‌షాతో యుద్ధం చేశాడు. ఆ రోజుల్లో విజయనగరం చూసిన పోర్చుగీసు వాడు డొమింగో పాయిస్ నగరపు అంగళ్ళ గురించి రాస్తూ కౌజులు, పూరేళ్ళు, పావురాలు, చెరువుల్లో ఉండే బాతుల వంటి పక్షులు ప్రాణాలతో, బహు చవకగా అమ్ముడవుతున్నాయని చెప్పాడు. ప్రాణాలతో అమ్మాలంటే వల పన్నాలి, ఉచ్చు పెట్టాలి. ఏ పిట్ట ఏ పొదలో ఎన్ని గంటలకు మేతకు దిగుతుందో తెలియనివాడికి వల పనికిరాదు. ఆ చవకధర వెనుక ఈ రెండు నదుల నడుమ గుట్టలూ చేలూ గాలించే నేర్పరుల వర్గం ఒకటి ఉందని ఊహించడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగానే వస్తుంది. వల పన్నేవాడు, కూర వండేవాడు పక్షులను చూసినవాళ్ళా? చూడటమంటే ఏ లాభమూ ఆశించకుండా చూడటం కాదా? ఈ గీత గీస్తే మాత్రం పక్షిశాస్త్రం పుట్టుకే గీతకు అవతల పడిపోతుంది. ఆ శాస్త్రపు తొలి రోజుల శాస్త్రజ్ఞులు దాదాపు అందరూ తుపాకీతోనే చూశారు. కొట్టి, తోలు ఒలిచి, దూది కూరి, చీటీ కట్టిన పిట్టే వాళ్ళకు రుజువు. వాళ్ళను వీక్షకులుగా ఒప్పుకుని, మంచె మీద వడిసెల పట్టుకుని రోజంతా ఆకాశం చూసిన జొన్నచేను కాపలాదారును ఒప్పుకోకపోవడం ఎక్కడి న్యాయం? గులాబీ రంగు వీపున్న వలస గోరింకల గుంపు ఎటు నుంచి వస్తుందో, ఏ పొద్దుకు వాలుతుందో, ఎంత చప్పుడుకు లేస్తుందో తెలియకపోతే ఆ కుటుంబానికి గింజ దక్కదు. దసరా నాడు జమ్మి పూజ ముగించి ఊరి పొలిమేర దాటి పాలపిట్ట కోసం వెతికే తెలంగాణ ఆచారాన్ని తీసుకున్నా అంతే. ఊరు ఊరంతా ఒక పూట బయలుదేరి, ఒక్క పిట్టను గుర్తుపట్టి, చూసి, ఏమీ తీసుకోకుండా తిరిగి వచ్చే యాత్ర అది. వానలు ఆగిన తరువాత పాలపిట్ట ఎత్తయిన కొమ్మ మీదకో, ఈ కాలంలో కరెంటు తీగ మీదకో వచ్చి బహిరంగంగా కూర్చుంటుంది కాబట్టే ఆ రోజున అది కనబడుతుంది. శకునం అన్నది పైపొర, కింద ఉన్నది రుతువుల పరిశీలన. పిట్టను పట్టి, రెక్కలకు జిగురు పూసి, పంజరంలో తెచ్చి డబ్బుకు దర్శనం చేయించడం పట్నాల్లో పుట్టిన వికారం. 1972 నాటి వన్యప్రాణి చట్టం దాన్ని నేరమంది, సరిగ్గానే అంది. కర్ణాటకకూ తెలంగాణకూ కూడా ఇదే రాష్ట్రపక్షి. కాబట్టి రాయచూరుకూ పాలమూరు సీమకూ మధ్య కృష్ణ దాటే పాలపిట్టకు ఏ గట్టున దిగినా పదవి పోదు.

స్థానికుల ఈ చూపు నుంచే శాస్త్రం అప్పు తెచ్చుకుంది. అందుకు నిదర్శనం థామస్ జెర్డాన్. మద్రాసు సైన్యంలో వైద్యుడు. నెల్లూరులో ఉన్నప్పుడు యానాదులతో తిరిగి వాళ్ళ వల్ల ఎన్నో జీవుల సంగతులు తెలుసుకున్నాడు. 1862, 1864 మధ్య వెలువడిన అతని భారత పక్షుల గ్రంథంలో తెలుగు పేర్లు కోకొల్లలు. మెడ కింద పసుపు వన్నె ఉండి, దక్షిణాది రాతి గుట్టల్లో తప్ప లోకంలో మరెక్కడా కనిపించని ఒక పికిలిని 1845లో శాస్త్రానికి పరిచయం చేసింది అతనే. దానికి అతను రాసుకున్న తెలుగు పేరు కొండ పొద పికిలి. మైదానపు తుప్పల్లో ఉండే తెల్లకనుబొమ్మల పికిలి ఉత్త పొద పికిలి. అంటే రెండూ దగ్గరి చుట్టాలే అయినా వేరు జాతులనీ, ఒకటి గుట్టను విడిచి రాదనీ లాటిన్ పేరు పెట్టక మునుపే ఇక్కడివాళ్ళు తేల్చేసుకున్నారు. ఇవాళ్టి పరిశోధకులు చెప్పే మాటా ఇదే. బండలు, వాటి మధ్య పండ్ల పొదలు ఉన్న వాలుల్లోనే అది ఉంటుంది. నంది కొండల్లో ఉంది, హార్స్‌లీ కొండల్లో ఉంది, తుంగభద్రకు అవతల హంపి, దరోజి బండల్లో ఉంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య దాన్ని ముప్పు పొంచి ఉన్న జాతుల్లో చేర్చింది. రాయి తవ్వకాలు ఆ ముప్పుల్లో ముఖ్యమైనవి.

కలివికోడి కథా ఇదే చెబుతుంది, కాస్త ఘాటుగా. దీనినీ మొదట లోకానికి చెప్పింది జెర్డానే. 1900లో అనంతపురం దగ్గర కనిపించిన తర్వాత అది అంతరించిందనే అందరూ అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ దాని ఉనికిని మళ్ళీ రుజువు చేయగలిగాడంటే స్థానిక వేటగాడు ఐతన్న సాయమే కారణం. శాస్త్రం 86 ఏళ్ళు పోగొట్టుకున్నది పల్లె పోగొట్టుకోలేదు. రాయచూరు గుట్టల చుట్టూ వేటాడుతూ తిరిగిన హరణశికారీల తలల్లో, పిట్టలవాళ్ళ తలల్లో ఇలాంటివి ఇంకెన్ని ఉండేవో. వాళ్ళను నేరస్థ జాతులుగా ముద్ర వేసి తరిమిన ప్రభుత్వాలు ఆ జ్ఞానాన్ని రాసుకోలేదు.

రాసుకున్న లెక్క ఒకటి మాత్రం ఉంది, దాని విలువ ఇప్పుడే తెలుస్తోంది. బెర్లిన్‌లో పక్షిశాస్త్రవేత్త ఎర్విన్ స్ట్రెసెమాన్ దగ్గర పని నేర్చుకుని 1930లో తిరిగొచ్చిన సాలిం అలీకి ఇక్కడ ఉద్యోగం దొరకలేదు. అతను సంస్థానాలకు ఒక బేరం పెట్టాడు. జీతం వద్దు, తిరుగుడు ఖర్చులు భరిస్తే మీ రాజ్యంలో పక్షులన్నీ సర్వే చేస్తానన్నాడు. మొదట అడిగినవాటిలో నిజాం రాజ్యం ముందుంది. 1931, 1932 సంవత్సరాల్లో జరిగిన ఆ సర్వే ఫలితాలు హ్యూ విస్లర్ వ్యాఖ్యలతో కలిసి 1933 నుంచి బొంబాయి సొసైటీ జర్నల్‌లో వరుసగా వచ్చాయి. రాయచూరు అప్పుడు నిజాం జిల్లా. అంతకు కొద్దికాలం ముందే వెర్నే పేరిట జరిగిన మరో సర్వే తూర్పు కనుమలను గాలించింది. కనుక 1930 నాటికి దక్కను ఎలా ఉండేదో చెప్పే రెండు పెద్ద పట్టికలు మన చేతిలో ఉన్నాయి. జిల్లా పేరు పెట్టి వెతికితే ఈ ఆధారాలు తొందరగా చిక్కవు. ఎందుకంటే ఈ దోఆబు యజమానులు మారుతూ వచ్చారు. 1853లో నిజాం దీన్ని కంపెనీకి అప్పగించాడు, 1860లో తిరిగి పుచ్చుకున్నాడు. 1956లో భాషాప్రయుక్త విభజనతో మైసూరుకు వెళ్ళింది. 1997లో కొప్పళ విడిపోయింది. రాయచూరు పక్షుల చరిత్ర కావాలంటే హైదరాబాదు కాగితాల్లో వెతకాలి. కన్నడ పరిశోధకులకు అవి పరాయి రాష్ట్రపు కాగితాలు, తెలుగువాళ్ళకు అది పరాయి జిల్లా. ఇద్దరి మధ్యా పడి ఈ గుట్టలు ఎవరికీ పట్టకుండా పోయాయి.

ఆ సర్వేకూ మన కాలానికీ మధ్య పడిన గీత 1953. హైదరాబాదు, మద్రాసు ప్రభుత్వాలు కలిసి 1945లో శంకుస్థాపన చేసిన తుంగభద్ర ఆనకట్టకు ఆ ఏడు నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ దోఆబులోకి వచ్చింది. నల్లరేగడిలో మెట్టపంట తప్ప ఎరగని రైతులు తరిలోకి దిగడానికి తటపటాయించారు. కృష్ణా, గోదావరి డెల్టాల నుంచి వరి సేద్యం తెలిసిన తెలుగు కుటుంబాలు వచ్చి భూములు కొన్నాయి, గుడారాలు వేసుకున్నాయి. అవే ఇవాళ్టి క్యాంపులు. సింధనూరు, మాన్వి, గంగావతి చుట్టూ పేరు చివర క్యాంపు అని ఉన్న ఊళ్ళన్నీ ఆ వలస గుర్తులే. వాళ్ళు పండించిన సోనా మసూరి రాయచూరు పేరును దేశమంతా తిప్పింది. ఆ శ్రమను తక్కువ చేసి చూపడం నా ఉద్దేశం కాదు. కానీ జొన్న పోయిన చోట మంచె పోయింది, మంచెతో పాటు ఆకాశం చూసే పని పోయింది. పచ్చికబయళ్ళు దున్నకంలోకి వచ్చాయి. మనిషి నడుమెత్తు ఉండి, ఏడాదికి ఒక్క గుడ్డు పెట్టి, కంచె లేని గడ్డినేల తప్ప మరేదీ కోరని బట్టమేక పిట్టకు ఇది చావుదెబ్బ. తుంగభద్రకు ఆవల బళ్ళారి జిల్లా సిరుగుప్పలో ఇటీవలి దాకా ఒకటీ అరా కనిపించేవి. అప్పటి కర్నూలు జిల్లా రోళ్ళపాడును దాని కోసమే 1988లో అభయారణ్యం చేశారు. ఇవాళ దేశం మొత్తం మీద మిగిలినవి 150 దాటవని అంచనా, అవీ ఎక్కువగా రాజస్థాన్‌లోనే. మైదానంలో చరిత్ర చెరిగిపోయిందని నేననేది ఇందుకే.

కాలువ పక్షం వహించేవాళ్ళు వెంటనే అంకెలు చూపిస్తారు. ఉదయం ఒక గంట కాలువ గట్టున నిలబడితే వచ్చే పట్టిక, గుట్ట మీద రోజంతా తిరిగినా రాదు. కొంగలు, కంకణాల పిట్టలు, లకుముకులు, నీటికోళ్ళు, ఎర్రకాళ్ళ కొంగలు. నీరు పక్షులను తరిమిందా తెచ్చిందా అని అడుగుతారు. తెచ్చింది, ఒప్పుకోవలసిందే. గదగ్ జిల్లా మాగడి చెరువుకు ఏటా చలికాలం హిమాలయాలు దాటి వచ్చే పట్టెతల బాతులు రాత్రి నీటి మీద గడిపి పగలు చుట్టూ చేలల్లో మేస్తాయి. మనిషి తవ్వుకున్న చెరువే వాటికి ఆసరా. 2024లో ఆ చెరువుకు అంతర్జాతీయ రామ్సర్ గుర్తింపు కూడా వచ్చింది. అయితే పట్టిక పొడవు ఒక సంగతి, ఆ పట్టిక ఏం చెబుతోందన్నది మరొకటి. సింధనూరు మళ్ళలో కనిపించే పక్షులు తణుకులోనూ కనిపిస్తాయి, తంజావూరులోనూ కనిపిస్తాయి. అవి రాయచూరు గురించి చెప్పేది ఒక్కటే, ఇక్కడికి నీరొచ్చింది అని. గుట్ట మీద కనిపించే పదిహేను ఇరవై జాతుల పొందిక మాత్రం దక్కను రాతినేలకు తప్ప మరో చోటికి కుదరదు. పైగా కాలువ పక్షులు కాలువ రాజకీయం మీద ఆధారపడి ఉన్నాయి. తుంగభద్ర జలాశయంలో పూడిక పేరుకుని చివరి ఆయకట్టుకు నీరందని ఏడు ఆ పక్షులూ రావు.

ఇంకా గట్టి అభ్యంతరం మరొకటి ఉంది. గుట్టలు మాత్రం మారలేదా? కోటలు కట్టారు, వంటచెరుకుకు తుప్పలు కొట్టారు, మేకలు మేశాయి, పులికంప అల్లుకుంది. మారిన మాట నిజమే. కానీ అన్ని మార్పులూ ఒక్కలాంటివి కావు. మేత ఇక్కడ బూడిద దిబ్బల కాలం నుంచీ ఉందని చెప్పుకున్నాం. పిట్టలు దానికి అలవాటు పడ్డాయి. కొట్టిన రేగు తుప్ప మళ్ళీ చిగురిస్తుంది. కోట గోడ సంగతి మరీ విచిత్రం. నిటారు రాతి అంచు కావాలనుకునే కొండ వానకోయిలకు మనిషి పేర్చిన గోడా ఒకటే, దేవుడు పేర్చిన గోడా ఒకటే. బురుజు చూరు కింద మట్టిగూడు కట్టుకుంటుంది. గన్నారెడ్డి కాలంలో రాయి తీసినా, దున్నపోతులు లాగగలిగినంతే తీశారు, తీసిన రాయి అదే గుట్ట మీద గోడగా నిలిచింది. ఇప్పటి గ్రానైట్, కంకర క్వారీ వేరు. అది గుట్టను కొంచెం కొరికి వదలదు, పునాది దాకా తినేస్తుంది. లారీలెక్కిన రాయి ఎక్కడో వంటగది గట్టవుతుంది, రోడ్డు కింద కంకరవుతుంది. వరి మానేసి జొన్న వేస్తే మైదానానికి గులాబీ గోరింక మళ్ళీ వస్తుంది. పచ్చికను వదిలిపెడితే కౌజు వస్తుంది. గుట్ట పోతే దాని మీది పెద్ద గుడ్లగూబకు తిరిగి రావడానికి చోటే ఉండదు. నాలుగు వేల ఏళ్ళ మార్పులనూ, ఈ నలభై ఏళ్ళ మార్పునూ ఒకే గాటన కట్టడం అందుకే కుదరదు.

విచారించాల్సిన మరో విషయం, పక్షులు చూసే మన సంఘాల దారి. 1959లో జఫర్ ఫతేఅలీ బర్డ్‌వాచర్ల న్యూస్‌లెటర్ మొదలుపెట్టిన తర్వాత ఈ వ్యాపకం మధ్యతరగతి ఇళ్ళలోకి వచ్చింది. హైదరాబాదులో 1980లో ఆంధ్రప్రదేశ్ బర్డ్‌వాచర్స్ సొసైటీ ఏర్పడింది, అదే ఇప్పటి డెక్కన్ బర్డర్స్. ఆదివారం తెల్లవారుజామున బయలుదేరి చీకటి పడేలోగా తిరిగి వచ్చే ఒక రోజు యాత్రను వాళ్ళు ఒక క్రమశిక్షణగా మలిచారు. అది గొప్ప పనే. కానీ సహజంగానే ఆ దారులు చెరువుల వైపు, అభయారణ్యాల వైపు, పట్టిక పొడవుగా వచ్చే చోట్ల వైపు సాగాయి. రక్షిత ప్రాంతం కాని గుట్టకు పక్షుల పట్టిక ఉండదు. పట్టిక లేని గుట్టకు క్వారీ అనుమతి అడిగినప్పుడు అక్కడ ఏమీ లేదని రాయడం సులువు. బంజరు అన్న ముద్ర రెవెన్యూ కాగితంలో మొదలై, పక్షుల కాగితం ఖాళీగా ఉండటంతో ఖాయమవుతుంది. రాయచూరు గుట్టలకు ఇవాళ జరుగుతున్న నష్టంలో పక్షి ప్రేమికుల నిర్లక్ష్యానికీ వాటా ఉందని నా అభిప్రాయం.

కాబట్టి హైదరాబాదు నుంచో కర్నూలు నుంచో హంపికి పోయే పక్షి వీక్షకులకు ఒక విన్నపం. వచ్చే కార్తికంలో దారిలో ఒక రోజు రాయచూరుకు ఇవ్వండి. మస్కి, ముద్గల్, పిక్లిహాళ్ గుట్టల్లో ఏదో ఒకటి ఎంచుకుని పొద్దు పొడవక ముందే కింది తుప్పల్లో నిలబడండి, సందె దాకా ఉండండి. కొండ పొద పికిలి ఉందేమో వెతకండి. పెద్ద గుడ్లగూబ పలికిన అంచు ఏదో గుర్తు పెట్టుకోండి. గొర్రెల కాపరిని అడిగి అతను చెప్పిన పేరు చెప్పినట్టే రాసుకోండి. కాలువ గట్టు మీద చూసినవాటిని ఆ పట్టికలో కలపకండి. తారీఖు, ఊరు, గుట్ట పేరు, అక్కడ క్వారీ ఉంటే ఆ సంగతీ రాసి నలుగురికీ అందేలా పెట్టండి. సాలిం అలీ సర్వేకు 2031లో నూరేళ్ళు నిండుతాయి. పోల్చి చూడటానికి మన చేతిలో ఆనాటి పట్టిక ఉంది, ఈనాటిదే ఇంకా రాయాలి.